చచ్చిపోయిన కంప్యూటర్ మళ్ళీ లేచిన రోజు: బ్యాకప్ నుంచి వర్చువల్ మెషిన్ దాకా

ఈ ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలవుతుంది.

గిద్దలూరులో మా మేనమామకి డీటీపీ సెంటర్ ఉంది. పెళ్లి కార్డులు, కరపత్రాలు, స్కూలు ప్రశ్నపత్రాలు, తిరునాళ్ల పోస్టర్లు, ఎప్పుడైనా ఒక చిన్న పుస్తకం. ఇరవై ఏళ్లకు పైగా అదే గది, అదే బల్ల. ఒక రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసి, "అల్లుడూ, పాత సిస్టం పోయింది రా. మేష్టారి పుస్తకం అందులోనే ఉండాది" అన్నాడు.

మేష్టారంటే రిటైరైన తెలుగు పంతులుగారు. కంభం, రాచర్ల, కొమరోలు, గిద్దలూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ సైకిల్ మీద తిరిగి, ఏ ఊరికి ఆ పేరు ఎందుకొచ్చింది, ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడి దగ్గర ఏ రాయి ఉంది అని ముసలివాళ్లను అడిగి రాసుకున్నాడు. 2007లో మామ దగ్గరే టైప్ చేయించి రెండొందల కాపీలు వేయించుకున్నాడు. తర్వాత తప్పులు దిద్ది, ఇంకో వంద పేజీలు కలిపి, రెండో కూర్పు కూడా మామ చేతే టైప్ చేయించాడు. అది అచ్చుకి వెళ్లేలోపే మేష్టారు పోయారు. చేత్తో రాసిన నోటు పుస్తకాలు ఇంట్లో చెదలు తినేశాయి. అంటే ఆ రెండో కూర్పు ఈ భూమ్మీద ఒక్కచోటే ఉంది. మామ కొట్టులో, బల్ల కింద, దుమ్ము పట్టిన ఒక సీపీయూలో.

ఇప్పుడు మేష్టారి కూతురు వచ్చి, "అన్నా, నాన్న పుస్తకం వేయిద్దాం" అంది. మామ ఆ పాత సీపీయూ స్విచ్ వేశాడు. లోపల టక్, టక్, టక్ అని మూడు సార్లు కొట్టుకుని హార్డ్ డిస్క్ ఆగిపోయింది.

నాకు ఒక్క విషయం గుర్తొచ్చింది. 2009లో నేను ఇంజినీరింగ్ చదివేటప్పుడు, సెలవులకి వచ్చి, ఏదో నేర్చుకున్న ఉత్సాహంలో ఆ సిస్టం మొత్తాన్ని ఘోస్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఇమేజ్ తీసి మూడు డీవీడీల్లో రాశాను. మామ అప్పుడు నవ్వాడు. "ఎందుకురా ఈ బిళ్లలు" అన్నాడు. ఆ బిళ్లలు ఇంకా ఉన్నాయా అన్నది ఇప్పుడు ప్రశ్న.

ఉన్నాయి. పంచాంగాల కింద, రబ్బరు బ్యాండు వేసి.

ఈ ఎపిసోడ్ ఆ మూడు బిళ్లల్లోంచి ఒక కంప్యూటర్‌ని ఎలా లేపామన్న కథ. ఆ పని చేయడానికి పనికొచ్చిన ఆలోచన ఎక్కడ పుట్టింది, ఎలా మన దాకా వచ్చింది అన్న చరిత్ర కూడా.

ఫైలు ఒక్కటే ఉంటే ఎందుకు సరిపోదు?

ముందు మీకో డౌట్ రావాలి. ఇమేజ్‌లోంచి ఆ పుస్తకం ఫైలు ఒక్కటి బయటికి తీసి, నా ల్యాప్‌టాప్‌లో ఓపెన్ చేస్తే అయిపోదా? మొత్తం కంప్యూటర్‌ని లేపడం ఎందుకు?

నేనూ అదే అనుకున్నా. ఫైలు తీశా కూడా. అది పేజ్‌మేకర్ ఫైలు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0, 2001లో వచ్చింది. ఆ తర్వాత అడోబీ వాళ్లు ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయారు. అయినా మన చిన్న ఊళ్ల డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ చాలా ఏళ్లు రాజ్యమేలింది.

అసలు చిక్కు అది కాదు. అక్షరాలు. మీరు ఈ రోజు ఫోన్‌లో "అమ్మ" అని టైప్ చేస్తే, లోపల ప్రతి తెలుగు అక్షరానికి ఒక ప్రపంచ నంబర్ ఉంటుంది. అదే యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు ఉంది. కానీ అది మామూలు జనం కంప్యూటర్ల దాకా రావడానికి చాలా కాలం పట్టింది. ఆ మధ్యకాలంలో డీటీపీ వాళ్లు వాడిన ఫాంట్లు వేరే పద్ధతిలో పనిచేసేవి. కంప్యూటర్ దృష్టిలో అక్కడ ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. ఫాంట్ మాత్రం ఆ గుర్తు స్థానంలో "క" బొమ్మ, ఇంకో గుర్తు స్థానంలో ఒత్తు బొమ్మ గీసి చూపించేది. ఫాంట్ ఉంటే తెలుగు. ఫాంట్ లేకపోతే పిచ్చి గీతలు.

నా ల్యాప్‌టాప్‌లో కనిపించినవి ఆ పిచ్చి గీతలే. ఫాంట్లు, కీబోర్డ్ సాఫ్ట్‌వేర్, పేజ్‌మేకర్, మామ పెట్టుకున్న సెట్టింగులు, అన్నీ కలిసి ఉన్నచోటే ఆ ఫైలు తెలుగు మాట్లాడుతుంది. ఆ చోటు పేరు విండోస్ ఎక్స్‌పీ. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది.

అంటే మాకు కావాల్సింది ఫైలు కాదు, ఆ ఫైలుని చదవగలిగిన మనిషి లాంటి యంత్రం.

తాటాకు ఉంది, చదివేవాళ్లు లేరు

ఈ సమస్య మన ప్రాంతానికి కొత్తది కాదు. రెండొందల ఏళ్ల వెనక్కి వెళ్దాం.

కాలిన్ మెకంజీ అనే సర్వే ఆఫీసరు, 1815లో ఇండియాకి మొదటి సర్వేయర్ జనరల్ అయినాయన, దక్షిణాదిలో ఊరూరి చరిత్రలు సేకరింపజేశాడు. వాటినే కైఫియత్తులు అంటాం. ఆయన కోసం ఊళ్లు తిరిగి, కరణాలతో మాట్లాడి, కాగితాలు పోగేసింది మన తెలుగువాళ్లే. కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, ఇంకా వాళ్ల బృందం. మెకంజీ 1821లో చనిపోయాడు. కాగితాలు మిగిలాయి. కానీ కాగితానికి కూడా చెదలు ఉంటాయి, తేమ ఉంటుంది.

తర్వాత వచ్చినాయన సి.పి. బ్రౌన్. మనందరికీ నిఘంటువు వల్ల తెలుసు, 1852లో వచ్చింది. ఆయన 1820లో కడపకి ఉద్యోగం మీద వచ్చాడు. అప్పట్లో కంభం, మార్కాపురం వైపు ప్రాంతం కూడా కడప కిందే ఉండేది. బ్రౌన్ తన సొంత డబ్బుతో పండితుల్ని, లేఖకుల్ని పెట్టుకుని తాటాకు పుస్తకాలకి నకళ్లు రాయించాడు. పాడైపోతున్న మెకంజీ కాగితాలకి కూడా మళ్లీ ప్రతులు తీయించాడు. మెకంజీ కైఫియత్తుల్లో చాలా వాటిని ఈ రోజు మనం చదవగలుగుతున్నామంటే ఆ రెండో ప్రతుల పుణ్యమే.

ఇక్కడ గమనించండి. నకలు రాయించడం ఒక పని. దాన్ని చదివించగలగడం ఇంకో పని. తాటాకు మీద పదాల మధ్య ఖాళీలు ఉండవు, పాత లిపి, గొలుసు రాత. చదవడం తెలిసిన పండితుడు పక్కన లేకపోతే ఎంత మంచి నకలైనా కట్టెలాగే పడుంటుంది. బ్రౌన్ లేఖకుల్ని మాత్రమే పెట్టుకోలేదు, పండితుల్ని కూడా కూర్చోబెట్టాడు.

కంప్యూటర్ భాషలో చెప్తే లేఖకుడు బ్యాకప్, పండితుడు మెషిన్. ఈ రెండిటి చరిత్రా వేరువేరుగా మొదలై, ఒకచోట కలిసింది. ఒక్కొక్కటిగా చూద్దాం.

లేఖకుడి కథ: డిస్కుకి నకలు

1970ల మొదట్లో యూనిక్స్‌లో డీడీ అనే చిన్న కమాండ్ వచ్చింది. దానికి ఫైళ్లు, ఫోల్డర్లు, ఫోటోలు, ఏమీ తెలియవు. ఇక్కడి నుంచి అక్కడికి బైట్లు వరసగా తీసి పెట్టడమే దాని పని. డిస్కు మొదటి బైటు నుంచి ఆఖరి బైటు దాకా అలా తీస్తే వచ్చేదే డిస్క్ ఇమేజ్. అర్థం తెలియకుండా అక్షరం పొల్లుపోకుండా రాసే లేఖకుడన్నమాట. తప్పు ఉంటే తప్పు కూడా అలాగే దిగుతుంది. అదే దాని గొప్ప.

మామూలు బ్యాకప్‌కి, దీనికి తేడా ఏంటంటే: మీ వాట్సాప్ బ్యాకప్‌లో మెసేజ్‌లు ఉంటాయి, వాట్సాప్ యాప్ ఉండదు, ఫోన్ అసలే ఉండదు. డిస్క్ ఇమేజ్‌లో బూట్ అయ్యే భాగం, ఆపరేటింగ్ సిస్టం, ప్రోగ్రాములు, ఫాంట్లు, రీసైకిల్ బిన్‌లో పడేసిన చెత్తతో సహా మొత్తం ఉంటుంది.

1990ల మధ్యలో న్యూజిలాండ్‌లో మర్రే హాజార్డ్ అనే ప్రోగ్రామర్ ఘోస్ట్ తయారు చేశాడు. అది డీడీ కన్నా తెలివైంది. ఖాళీ జాగాను వదిలేసి, నిండిన భాగాన్ని మాత్రమే కుదించి ఒక ఫైలుగా పెట్టేది. 1998లో సిమాంటెక్ కంపెనీ దాన్ని కొనేసింది. మన దేశంలో ఇంటర్నెట్ సెంటర్లు, కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు నడిపిన వాళ్లకి ఘోస్ట్ పేరు బాగా తెలుసు. ఇరవై సిస్టంలకి ఒక్కోదానికి విండోస్ వేయాలంటే రెండు రోజులు. ఒకదానికి వేసి, ఘోస్ట్ తీసి, మిగతా పందొమ్మిదింటిలో దించితే ఒక్క మధ్యాహ్నం.

కానీ ఒక షరతు. ఇరవై సిస్టంలూ ఒకే రకంవి అయ్యుండాలి. మదర్‌బోర్డ్ వేరే అయితే నీలం తెర వచ్చేది. ఈ షరతు గుర్తుపెట్టుకోండి, గిద్దలూరులో మా ముందుకే వచ్చింది.

పండితుడి కథ: యంత్రంలో యంత్రం

ఇప్పుడు రెండో దారి. 1960ల్లో కంప్యూటరంటే ఒక హాలు నిండా ఉండే యంత్రం. ఒక్క యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడుకోవాలి. అమెరికాలో కేంబ్రిడ్జ్ ఊళ్లో ఐబీఎం వాళ్ల పరిశోధన కేంద్రంలో రాబర్ట్ క్రీసీ నాయకత్వంలో ఒక బృందానికి చిత్రమైన ఐడియా వచ్చింది. ఒక్కొక్కరికీ కంప్యూటర్‌లో కొంత టైము ఇవ్వడం కాదు, ఒక్కొక్కరికీ ఒక మొత్తం కంప్యూటర్ ఉందని నమ్మించేద్దాం. అలా వచ్చిందే సీపీ-40. 1967కల్లా పనిలోకి దిగింది. అదే దారిలో 1972 ఆగస్టులో ఐబీఎం, వీఎం/370 ప్రకటించింది. వర్చువల్ మెషిన్ అన్న మాట బజారుకి వచ్చింది అప్పుడే.

సింపుల్‌గా చెప్తా. వర్చువల్ మెషిన్ అంటే ఒక నాటకం. లోపల ఉన్న ఆపరేటింగ్ సిస్టం, "ఇదిగో నా ప్రాసెసర్, ఇదిగో నా డిస్కు, ఇదిగో నా నెట్‌వర్క్ కార్డు" అనుకుంటుంది. నిజానికి అవన్నీ బయట ఉన్న ఇంకో సాఫ్ట్‌వేర్ వేస్తున్న వేషాలు. దాని పేరు హైపర్‌వైజర్. లోపలివాడు డిస్కు మీద రాయమంటే, హైపర్‌వైజర్ దాన్ని పట్టుకుని బయట ఒక పెద్ద ఫైలులో రాస్తుంది. లోపలివాడికి అది డిస్కు. మనకి అది ఒక ఫైలు.

ఆ ఒక్క వాక్యంలోనే మన కథంతా ఉంది. డిస్కు ఒక ఫైలు అయిపోయింది!

కానీ ఈ నాటకం పెద్ద ఐబీఎం యంత్రాల మీదే బాగా నడిచేది. మన ఇళ్లలో ఉండే ఇంటెల్ రకం ప్రాసెసర్లలో కొన్ని ఆదేశాలు ఈ వేషాన్ని బయటపెట్టేసేవి. అక్కడ కుదరదనే చాలామంది అనుకున్నారు. 1998లో డయేన్ గ్రీన్, మెండెల్ రోజెన్‌బ్లమ్, ఇంకో ముగ్గురు కలిసి వీఎంవేర్ కంపెనీ పెట్టారు. ఇబ్బంది పెట్టే ఆదేశాలను నడుస్తుండగానే వేరే ఆదేశాలుగా మార్చేసే ఉపాయం కనిపెట్టి 1999లో మామూలు పీసీ మీద వర్చువల్ మెషిన్ నడిపి చూపించారు. కనెక్టిక్స్ అనే కంపెనీది వర్చువల్ పీసీ. దాన్ని 2003లో మైక్రోసాఫ్ట్ తీసుకుంది. అదే ఏడాది ఫాబ్రీస్ బెలార్డ్ అనే ఫ్రెంచి ప్రోగ్రామర్ క్యూఎము అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ వదిలాడు. 2005, 2006ల్లో ఇంటెల్, ఏఎండీ వాళ్లు ప్రాసెసర్‌లోనే ఈ పనికి సాయం పెట్టారు. 2007లో కేవీఎం లినక్స్ కెర్నెల్‌లో చేరింది. అదే ఏడాది వర్చువల్‌బాక్స్ ఫ్రీగా దొరికింది.

పదేళ్లలో, హాలు నిండా ఉన్న యంత్రం చేసిన పని కాలేజీ కుర్రాడి ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసింది.

రెండు దారులు కలిసిన చోటు

ఇటు లేఖకుడు, డిస్కుని ఫైలుగా మార్చాడు. అటు పండితుడు, ఫైలుని డిస్కుగా చదువుతున్నాడు. మరి ఆ ఫైలు ఇచ్చి ఈయన్ని చదవమంటే?

2000ల మొదట్లో కంపెనీలకి ఈ అవసరం వచ్చింది. పాత సర్వర్లు ముసలివైపోతున్నాయి, కరెంటు తాగుతున్నాయి, వాటిలో ఉన్న ప్రోగ్రాములు మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం ఎవరికీ తెలియదు, రాసినవాడు ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. ఆ యంత్రాన్ని ఉన్నదున్నట్టు వర్చువల్‌గా మార్చే పనిని పీటూవీ అన్నారు, అంటే ఫిజికల్ నుంచి వర్చువల్‌కి. వీఎంవేర్ వాళ్లు కన్వర్టర్ అనే టూల్‌ని 2007లో ఫ్రీగా ఇచ్చారు. అది నడుస్తున్న కంప్యూటర్‌నే కాదు, కొన్ని కంపెనీల బ్యాకప్ ఇమేజ్‌లను కూడా తీసుకుని వర్చువల్ మెషిన్ చేసేది. 2009లో సిస్‌ఇంటర్నల్స్ నుంచి డిస్క్‌టూవీహెచ్‌డీ వచ్చింది. నడుస్తున్న విండోస్‌ని ఆపకుండానే దాని డిస్కులను వీహెచ్‌డీ ఫైలుగా తీసేది.

వీహెచ్‌డీ ఫైలంటే ఏదో బ్రహ్మ పదార్థం అనుకోకండి. దానిలో ఫిక్స్‌డ్ రకం ఎలా ఉంటుందంటే, డీడీ తీసిన ఇమేజ్ ఉన్నది ఉన్నట్టు, చివర 512 బైట్ల చిన్న చీటీ. "ఇది డిస్కు, ఇంత సైజు" అని ఆ చీటీలో ఉంటుంది. అంతే. బ్యాకప్‌కి, బతికున్న డిస్కుకి మధ్య తేడా ఒక్కోసారి ఆ 512 బైట్లే.

మరి అంత తేలికైతే నీలం తెర ఎందుకు వస్తుంది? దీనికి మన రైలు ఉదాహరణ చెప్తా. గుంటూరు నుంచి మార్కాపురం రోడ్, కంభం, గిద్దలూరు మీదుగా నంద్యాల పోయే లైను ఒకప్పుడు మీటర్ గేజ్. 1990ల్లో బ్రాడ్ గేజ్ అయింది. మా మామకి ఆ చిన్న బండి ఎక్కిన గుర్తుంది. ఇప్పుడు ఆలోచించండి. ఆ పాత మీటర్ గేజ్ పెట్టెను అచ్చంగా అలాగే తెచ్చి బ్రాడ్ గేజ్ పట్టాల మీద పెడితే నడుస్తుందా? పెట్టెలో లోపం లేదు. సీట్లు బాగున్నాయి, ఫ్యాన్లు బాగున్నాయి. కింద చక్రాల వెడల్పు వేరు. చక్రాలు మార్చాలి.

విండోస్‌కి ఆ చక్రాలే డిస్క్ కంట్రోలర్ డ్రైవర్లు. ఎక్స్‌పీ, ఇన్‌స్టాల్ అయిన రోజు ఏ మదర్‌బోర్డ్ చూసిందో ఆ డ్రైవర్‌నే బూట్ టైమ్‌కి సిద్ధంగా ఉంచుకుంటుంది. వేరే కంట్రోలర్ మీద లేపితే, తన డిస్కే తనకు కనపడదు. 7బి అనే స్టాప్ ఎర్రర్ నీలం తెర మీద వేసి ఆగిపోతుంది. అర్థం: నేను లేచాను గానీ, నా ఇల్లు ఎక్కడో తెలీట్లేదు.

గిద్దలూరులో ఏం జరిగింది

ఇక మా కథ. మూడు డీవీడీల్లో మొదటిది, మూడోది సుబ్బరంగా చదివింది. రెండోది సగంలో ఆగింది. పదిహేనేళ్ల పైబడిన డీవీడీ, మీరే ఆలోచించండి. మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచి, మూడు వేరువేరు డ్రైవుల్లో పెట్టి చూశాం. మార్కాపురంలో ఒక ఫోటో స్టూడియో వాళ్ల పాత డ్రైవు చివరికి పూర్తిగా చదివింది. అక్కడే మొదటి కాఫీ తాగాం.

ముందు చేసిన పని, ఆ ఇమేజ్‌ని ఇంకో రెండు చోట్ల కాపీ చేయడం. అసలుది ముట్టుకోకూడదు. తర్వాత వర్చువల్‌బాక్స్‌లో ఒక ఖాళీ వర్చువల్ మెషిన్, పాత సిస్టం డిస్కు ఎంత ఉందో అంత సైజు వర్చువల్ డిస్కు. దాన్ని ఘోస్ట్ సీడీతో బూట్ చేసి, ఆ ఖాళీ డిస్కులోకి ఇమేజ్‌ని దించాం. పావుగంట. రీస్టార్ట్. విండోస్ లోగో కనిపించింది. మామ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

నీలం తెర. 7బి.

"ఇది బతుకుద్దా అల్లుడూ?" అన్నాడు.

"చక్రాలు మార్చాలి మామా" అన్నా.

వర్చువల్ మెషిన్‌లో సాటా కంట్రోలర్ ఉంటే దాన్ని తీసేసి ఐడీఈ పెట్టాను, ఎందుకంటే ఎక్స్‌పీ కాలం నాటిది అదే. అయినా నీలమే. పాత మదర్‌బోర్డ్‌లో చిప్‌సెట్ వేరే కంపెనీది. దాంతో ఆ వర్చువల్ డిస్కుని పక్క సిస్టంకి తగిలించి, లోపల ఉన్న ఎక్స్‌పీ రిజిస్ట్రీ తెరిచి, బూట్‌లో లేవాల్సిన డ్రైవర్ల పట్టికలో ఇంటెల్ ఐడీఈ డ్రైవర్‌ని చేర్చాను. మొదటిసారి ఏదో తప్పు చేశాను, అసలు లేవనే లేదు. ఫర్వాలేదు, ఆ కాపీ తీసేసి మళ్లీ ఇమేజ్ దించాను. నిజమైన హార్డ్ డిస్క్ మీద అయితే ఆ తప్పుతో కథ ముగిసేది. ఇక్కడ మాత్రం ఎన్నిసార్లు చంపినా మళ్లీ మొదటినుంచి లేపొచ్చు.

రెండోసారి లోగో వచ్చింది. నీలం తెర రాలేదు. కాసేపు నల్లగా ఉండి, ఆ తర్వాత పచ్చని కొండ, నీలాకాశం. ఎక్స్‌పీ వాల్‌పేపర్. దాని మీద మామ ఐకాన్లు, ఎడాపెడా పడేసిన ఫోల్డర్లు. "పెళ్లి కార్డులు 2006". "ఎలక్షన్". "మేష్టారు".

మామ ఏం మాట్లాడలేదు. మౌస్ తన చేతిలోకి తీసుకున్నాడు, అంతే.

కొత్త హార్డ్‌వేర్ అనుకుని విండోస్ యాక్టివేషన్ అడిగింది, గడువు పెట్టింది. నెట్‌వర్క్ మొత్తం ముందే కట్ చేసి ఉంచాను, ఎందుకంటే 2014 నుంచి రక్షణ లేని సిస్టంని ఇంటర్నెట్‌కి తగిలించడమంటే తలుపు తీసి ఊరెళ్లడమే. లైసెన్సు సంగతి కూడా చెప్పాలి. చాలా పాత విండోస్ లైసెన్సులు ఆ ఒక్క యంత్రానికే కట్టి ఉంటాయి. వర్చువల్‌గా లేచింది కదా అని రోజూ వాడుకోవడానికి అది పర్మిషన్ కాదు. మాకు కావాల్సింది పుస్తకం బయటికి తీయడం.

పేజ్‌మేకర్ ఓపెన్ చేశాడు. ఫైలు ఓపెన్ చేశాడు. తెలుగు!

ముందు పుస్తకం మొత్తాన్ని పీడీఎఫ్ చేశాం, పేజీలు అచ్చంగా మేష్టారు చూసినట్టే ఉండాలని. తర్వాత అక్షరాలను కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాం. అక్కడ ఒత్తులు కొన్ని జారిపోయాయి, కొన్నిచోట్ల గుడి దీర్ఘం పక్క అక్షరానికి ఎక్కింది. అది యంత్రం దిద్దేది కాదు. మేష్టారి కూతురు పీడీఎఫ్ పక్కన పెట్టుకుని పేజీ పేజీ దిద్దింది. మళ్లీ బ్రౌన్ దగ్గర పండితులు చేసిన పనే.

ఆఖరి పేజీల్లో, మొదటి కూర్పులో లేని ఒక జాబితా ఉంది. తనకు ఊరి సంగతులు చెప్పిన పెద్దల పేర్లు, ఊరు, వయసు. ఆమె దిద్దుతూ దిద్దుతూ ఒక పేరు దగ్గర ఆగింది. ఆమె నాయనమ్మ. "నాన్న ఈమెను కూడా అడిగి రాసుకున్నాడని నాకు తెలీదు అన్నా" అంది.

మనకేంటి?

మీలో చాలామంది డెస్క్‌టాప్ వాడి ఉండరు. మీ జీవితమంతా ఫోన్‌లోనే. అయినా ఈ కథ మీదే. మీరు వాడే యాప్‌ల వెనక సర్వర్లలో చాలావరకు వర్చువల్ మెషిన్లే. అమెజాన్ 2006లో ఈసీటూ మొదలుపెట్టినప్పుడు అమ్మింది సరిగ్గా ఇదే: ఒక ఇమేజ్ ఇవ్వు, దాన్ని మెషిన్‌గా లేపి ఇస్తా. ఆండ్రాయిడ్ 13 నుంచి ఫోన్ లోపలే వర్చువల్ మెషిన్ నడిపే ఏర్పాటు ఉంది. 2025లో కొన్ని పిక్సెల్ ఫోన్లలో లినక్స్ మొత్తాన్ని ఒక యాప్‌లా తెరిచే టెర్మినల్ కూడా వచ్చింది. 1967లో హాలు నిండా ఉన్న నాటకం ఇప్పుడు మీ జేబులో నడుస్తోంది.

మన ఊరినే చూడండి. మార్కాపురం 1858 దాకా కడప జిల్లా. ఆ తర్వాత కర్నూలు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లాలోకి వచ్చింది, 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పేరు పెట్టారు. 2025 చివర్లో మార్కాపురం పేరుతోనే జిల్లా ప్రకటించారు. ఊరు అంగుళం కదల్లేదు. చెన్నకేశవస్వామి గుడి అక్కడే ఉంది, పలకల గనులు అక్కడే ఉన్నాయి. కింద హోస్ట్ మాత్రం మారుతూ వచ్చింది. జనం మాత్రం తమ ఊళ్లోనే ఉన్నామనుకుంటూ బతికారు. వర్చువల్ మెషిన్‌ని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి మార్చినప్పుడు జరిగేది ఇదే.

పలకల ఊరు కాబట్టి ఇంకో మాట. మన మార్కాపురం పలక మీద దేశంలో ఎన్ని లక్షల మంది అఆలు దిద్దారో లెక్కలేదు. కానీ ఒక్క పిల్లాడి మొదటి "అ" కూడా మిగల్లేదు. పలక స్వభావమే అది, తుడిచేస్తే పోయినట్టే. హార్డ్ డిస్కు కూడా పలకే, కాస్త ఆలస్యంగా తుడుచుకుపోయే పలక.

అందుకని మూడు పనులు. ఒకటి, మీ ఊళ్లో డీటీపీ సెంటర్, ఫోటో స్టూడియో, ప్రింటింగ్ ప్రెస్ ఎవరిదైనా ఉంటే, బల్ల కింద పాత సిస్టం ఉందేమో అడగండి. అది ఇంకా లేస్తుంటే ఈ వారమే డిస్క్ ఇమేజ్ తీయండి. రోజులు గడిచేకొద్దీ కష్టం. రెండు, తీసిన ఇమేజ్‌ని కనీసం రెండు చోట్ల పెట్టండి, ఒకటి వేరే ఇంట్లో. మూడు, అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కసారైనా దాన్ని వర్చువల్ మెషిన్‌గా లేపి చూడండి. లేపి చూడని బ్యాకప్ మీద నమ్మకం పెట్టుకోకండి. నేను 2009లో ఆ పని చేయలేదు. డీవీడీలు రాసి, రబ్బరు బ్యాండు వేసి, అయిపోయిందనుకున్నా. ఒక ఫోటో స్టూడియోలో పాత డ్రైవు లేకపోయుంటే, ఈ ఎపిసోడ్ ఉండేది కాదు, ఆ పుస్తకం కూడా.

పుస్తకం రెండో కూర్పు ప్రూఫులు అయిపోయాయి. అచ్చు కూడా గిద్దలూరులోనే, మామ దగ్గరే. ఈసారి ఇమేజ్ నేను తీయలేదు. నేను వెళ్లేసరికి మామే తీసి, రెండు పెన్ డ్రైవుల్లో పెట్టి, ఒకటి నా చేతిలో పెట్టాడు. "హైదరాబాద్‌లో పెట్టుకో రా, ఇక్కడ చెదలు ఎక్కువ" అన్నాడు.

మీ ఊళ్లో ఇలాంటి పాత సిస్టం కథ ఉంటే కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటాను.